బోర్డు వెలిసిపోయిన ఇళ్లు

విశాఖపట్నంలో సీతమ్మధార నుంచి మధురవాడ దాకా ఏ కాలనీలో తిరిగినా ఒకటి రెండు ఇళ్లు ఇలాంటివి కనిపిస్తాయి. గేటుకు కట్టిన 'ఇల్లు అమ్మబడును' బోర్డు ఎండకు వెలిసిపోయి ఉంటుంది. ఫోన్ నంబరులో చివరి రెండు అంకెలు చదవడానికి రావు. అదే వీధిలో నాలుగిళ్ల అవతల ఇంకొకటి బోర్డు కూడా పెట్టకుండానే, నెల తిరక్కముందే రిజిస్ట్రేషన్ అయిపోతుంది. రెండూ దాదాపు ఒకే కాలంలో కట్టినవి, ఒకే కొలతలో ఉన్నవి. ఎందుకిలా అంటే యజమాని మార్కెట్ డల్‌గా ఉందంటాడు. బ్రోకరు రేటు ఎక్కువంటాడు. పక్కింటాయన గొంతు తగ్గించి వాస్తు తేడా అంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది, అసలు సంగతి మాత్రం వీటి వెనకాల ఉంది.

ఇల్లు అమ్ముడుపోవడానికి కావలసింది ఒక్క మనిషే. అయితే ఆ ఒక్కరు తేలాలంటే చూసి వెళ్లేవాళ్లు పదిమందో ఇరవైమందో ఉండాలి. కాగితాల్లో తేడా, గోడలో చెమ్మ, బ్యాంకు పెట్టే కొర్రీ, దిక్కు కుదరకపోవడం వంటివన్నీ ముందు ఈ మందిని తగ్గిస్తాయి. ధర తగ్గడం ఆ తర్వాతి మాట. యజమాని మాత్రం దీన్ని తిరగేసి ఆలోచిస్తాడు. లోపం ఉంది కాబట్టి ఓ రెండు లక్షలు తగ్గిస్తే సరిపోతుందనుకుంటాడు. కానీ లోన్ రాని ఇంటికి రెండు లక్షలు తగ్గించినంత మాత్రాన లోన్ మీద బతికేవాడు వెనక్కి రాడు. అతను చూసే ఇళ్ల జాబితాలోనే ఈ ఇల్లు లేదు. నెలలు గడిచినా కదలని ఇళ్లలో ఎక్కువ భాగం ఇలా, కొనేవాళ్లు ఒక్కొక్కరే జారిపోయి చివరికి ఎవరూ మిగలని ఇళ్లే.

రేపటి వార్తకు ఇవాళ్టి ధర

ధర సంగతి ముందు చూడాలి, ఎందుకంటే విశాఖలో ధరకు ఓ ప్రత్యేకమైన జబ్బు ఉంది. ఈ ఊరికి ప్రకటనలు ఎక్కువ. 2019 ఫిబ్రవరిలో రైల్వే జోన్ అన్నారు. అదే ఏడాది డిసెంబరులో పరిపాలనా రాజధాని అన్నారు. 2024లో ప్రభుత్వం మారి ఆ మాట పక్కకు పోయింది. భోగాపురం విమానాశ్రయం చాలా ఏళ్లు వార్తల్లో నానింది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కేంద్రం పెడతానంది. ఇలాంటి వార్త వచ్చిన మర్నాడే అక్కయ్యపాలెంలో పాతికేళ్ల నాటి ఫ్లాటు యజమాని కూడా ధర మీద ఐదు లక్షలు వేసుకుంటాడు. వార్త చల్లారాక ఆ ఐదు లక్షలు తీయడానికి మాత్రం మనసు ఒప్పదు.

ఇందులో ఒక పొరపాటు ఉంది. విమానాశ్రయం వస్తే పెరిగేది ఆ దారిలో ఉన్న ఖాళీ స్థలం ధర. డేటా సెంటర్ వస్తే కదలిక కనిపించేది తర్లువాడ, ఆనందపురం వైపు. పైగా డేటా సెంటర్ పెట్టుబడిలో ఎంత పెద్దదో శాశ్వత ఉద్యోగాల్లో అంత పెద్దది కాదు. అక్కయ్యపాలెం ఫ్లాటు కొనేది ఆ ప్రాంతంలో పిల్లల స్కూలు, ఆఫీసు చూసుకుని వచ్చే మామూలు జీతగాడు. అతని జీతం వార్తల్ని బట్టి పెరగదు. అమ్మేవాడు రేపటి ఊరిని అమ్ముతుంటే కొనేవాడు ఇవాళ్టి ఈఎంఐ లెక్క వేసుకుంటున్నాడు.

రెండో పొరపాటు ఎదురింటి ధర. 'మొన్న ఎదురుగా గజం ఇంతకు పోయింది' అనే మాట మీద కాలనీ మొత్తం నడుస్తుంది. ఆ ఎదురిల్లు మూల స్థలమో, రెండు వైపులా రోడ్డున్నదో, ఆసుపత్రి కోసం తీసుకున్నదో ఎవరూ విచారించరు. పలికిందని చెప్పుకునే ధరకూ చేతికి వచ్చిన డబ్బుకూ కూడా తేడా ఉంటుంది. అమ్మినవాడు పరువు కోసం కాస్త పెంచి చెబుతాడు, కొన్నవాడు దిష్టి తగలకుండా కాస్త తగ్గించి చెబుతాడు. కాలనీలో నిలబడేది మొదటి అంకే.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు ఇంకో లెక్క తోడవుతుంది. 2014లో డాలరు సుమారు 60 రూపాయలు. అప్పుడు 40 లక్షలు పెట్టి కొన్న ఫ్లాటు ఖరీదు దాదాపు 66,000 డాలర్లు. డాలరు 85 దాటాక ఆ 66,000 డాలర్లు వెనక్కి రావాలంటేనే 56 లక్షలు పైన కావాలి. ఇక్కడి మధ్యవర్తికి పదహారు లక్షల లాభంగా కనిపించేది అక్కడి కొడుక్కి అసలు కూడా రానట్టు కనిపిస్తుంది. ఫోన్‌లో 'ఇంకో ఏడాది చూద్దాం నాన్నా' అంటాడు. తండ్రి సరే అంటాడు. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే, ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది.

బ్యాంకు లెక్క

మధ్యతరగతి ఇల్లు బ్యాంకు లోన్ మీదే చేతులు మారుతుంది. లోన్ 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం దాకా, అంతకు మించితే 75 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇక్కడ ఇంటి విలువ అంటే అగ్రిమెంటులో రాసుకున్న ధర, బ్యాంకు ఇంజినీరు వేసిన ధర, ఈ రెండింటిలో మామూలుగా తక్కువది. రిజిస్ట్రేషన్ ఖర్చు ఇందులోకి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, అన్నీ కలిపి 7.5 శాతం కొనేవాడి జేబులోంచే పోవాలి.

ఉదాహరణకు 80 లక్షల ఫ్లాటు ఒకటి తీసుకుందాం. మొత్తం తెల్లడబ్బుతో రాస్తే లోన్ 64 లక్షలు వస్తుంది. చేతి డబ్బు 16 లక్షలు, రిజిస్ట్రేషన్ 6 లక్షలు, వెరసి 22 లక్షలు సిద్ధంగా ఉంటే ఫ్లాటు దొరుకుతుంది. ఇప్పుడు అమ్మేవాడు 'డాక్యుమెంటు 50 లక్షలకే, మిగతా 30 బ్లాక్' అన్నాడనుకుందాం. లోన్ 40 లక్షలకు పడిపోతుంది. రిజిస్ట్రేషన్ 3 లక్షల 75 వేలకు తగ్గినా, చేతిలోంచి తీయాల్సింది 43 లక్షల 75 వేలు అవుతుంది. అంటే అదే ఫ్లాటు, అదే ధర, కానీ కొనగలిగిన మనుషులు వేరు. 22 లక్షలు కూడబెట్టిన ఉద్యోగులు ఊళ్లో చాలామంది ఉంటారు. 44 లక్షలు నగదుతో తిరిగేవాడు అరుదు, ఉన్నా అతను పాత ఫ్లాటు వైపు చూడడు, స్థలం కొంటాడు. మిగిలిపోయిన ఫ్లాట్ల యజమానులతో మాట్లాడితే బేరం ఇక్కడ చెడిందని చాలామంది ఒప్పుకుంటారు, అయినా దాన్ని ధర సమస్యగా లెక్క వేయరు. పైగా 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా నిషేధం. తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడవచ్చు. టెన్షన్ కొనేవాడికే కాదు.

యజమాని విదేశంలో ఉంటే ఇంకో ముడి. మామూలు అమ్మకంలో 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు ఒక శాతం పన్ను కోసి కడితే సరిపోతుంది. అమ్మేవాడు ఎన్‌ఆర్‌ఐ అయితే దీర్ఘకాలిక లాభం మీద కోత 12.5 శాతంతో మొదలవుతుంది, సర్‌ఛార్జీ, సెస్సు అదనం. తక్కువ కోతకు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే దీన్ని మొత్తం ధర మీదే కోయాలని ఆడిటర్లు చెబుతారు. ఆ బాధ్యత కొనేవాడిది. ఈ మాట వినగానే 'ఎందుకొచ్చిన గొడవ' అని పక్క ఫ్లాటుకు వెళ్లిపోయేవాళ్లు కొందరు ఉంటారు. ఎన్‌ఆర్‌ఐ తరఫున ఇక్కడ సంతకం పెట్టేవాళ్ల పవర్ ఆఫ్ అటార్నీ కూడా చూసుకోవాలి. భారత దౌత్య కార్యాలయంలో ధ్రువీకరించి పంపిన కాగితానికి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు కట్టించాలి. చాలామంది దాన్ని బీరువాలో పెట్టి, బేరం వచ్చాక తీస్తారు.

కాగితాల్లో దాగిన చిక్కు

గోడలో పగులు కంటికి కనిపిస్తుంది. కాగితంలో పగులు లాయరు లీగల్ ఒపీనియన్ రాసేదాకా కనిపించదు, అందుకే ఎక్కువ బేరాలు అడ్వాన్సు ఇచ్చే ముందు రోజు ఆగిపోతుంటాయి. విశాఖలో ఈ చిక్కులకు సొంత చరిత్ర ఉంది.

అన్నిటికన్నా పెద్దది సింహాచలం పంచగ్రామాలది. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి. ఈ ఐదు గ్రామాల్లో దేవస్థానం భూములన్న వివాదం వేల కుటుంబాలను దశాబ్దాలుగా పట్టి ఉంచింది. మూడంతస్తుల మేడ ఉంటుంది, కరెంటు మీటరు ఉంటుంది, ఇంటి పన్ను రసీదులు ఉంటాయి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉండటం వల్ల రిజిస్ట్రేషన్ మాత్రం కాదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివి ఈ జాబితాలో పెడతారు. అలాంటి ఇంటిని స్టాంపు కాగితం మీద రాసుకుని, నమ్మకం మీద, ఎదురు వీధివాళ్ల ఇంటి ధరలో ఏదో ఒక భాగానికి ఇచ్చుకోవాల్సిందే. కొనేవాడు కూడా అదే ఊరివాడై ఉంటాడు, ఎందుకంటే ఆ ప్రమాదంతో బతకడం అతనికి అలవాటే.

డి-పట్టా స్థలాలది ఇంకో కథ. ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమిని అమ్మకూడదని 1977 నాటి చట్టం చెప్పింది. అయినా చేతులు మారుతూ వచ్చింది, మీద ఇళ్లు లేచాయి. 1976 నాటి పట్టణ భూ పరిమితి చట్టాన్ని రాష్ట్రం 2008లో వదిలించుకున్నా, అప్పట్లో మిగులు భూమిగా లెక్కలోకి ఎక్కిన సర్వే నంబర్లలో ఇప్పటికీ లింకు డాక్యుమెంటు చూసిన లాయరు పెన్ను పక్కన పెట్టేస్తాడు. జీపీఏ మీద కొన్న ఇళ్లూ ఉన్నాయి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితం యాజమాన్య హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. 1990ల్లో జీపీఏతో కొనుక్కుని, రాసిచ్చినాయన పోయాక ఆ పిల్లల సంతకం కోసం తిరుగుతున్నవాళ్లు ఏ పాత కాలనీలోనైనా దొరుకుతారు.

ఇక సంతకాలు. 'కట్నం ఇచ్చి పెళ్లి చేశాం, ఇంట్లో అక్కకి ఏం వాటా ఉంటుంది' అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. నాన్న సొంత సంపాదనతో కట్టి, వీలునామా రాయకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే నాన్న తల్లి, అందరికీ సమాన వాటా. పిత్రార్జితం అయితే ఈ రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి పెళ్లికాని కూతుళ్లకు, దేశమంతటా 2005 సెప్టెంబరు నుంచి కూతుళ్లందరికీ కొడుకుతో సమానంగా హక్కు. తండ్రి 2005కు ముందే పోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పాక, బ్యాంకు లాయర్లు కూతురి సంతకం లేని ఫైలును ముట్టుకోవడం మానేశారనే అనుకోవాలి. అన్నదమ్ములు ధర దగ్గర ఒప్పుకుంటారు, అక్క సంతకం దగ్గర ఇల్లు ఆగుతుంది. అక్కకు డబ్బు మీద ఆశ లేకపోవచ్చు. ఎవరూ తనను అడగలేదన్న బాధ ఉంటుంది, అది ధర తగ్గిస్తే తీరేది కాదు.

ప్లాను తేడాలు ఇంతకన్నా చిన్నవిగా కనిపిస్తాయి కానీ బ్యాంకు దగ్గర అవీ పెద్దవే. మంజూరు అయింది మూడంతస్తులు, కట్టింది నాలుగు, పైన పెంట్‌హౌస్. హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ స్థలంలో వంటగది ముందుకు వచ్చి ఉంటుంది. ప్రభుత్వ బీపీఎస్ పథకంలో అపరాధ రుసుం కట్టి క్రమబద్ధం చేసుకున్నవాళ్లు బయటపడ్డారు, కట్టనివాళ్ల ఆస్తి పన్ను నోటీసులో అనధికార నిర్మాణం కింద అదనపు పన్ను కనిపిస్తూనే ఉంటుంది. అది చదవడం కొనేవాళ్లు కూడా నేర్చుకున్నారు. అపార్ట్‌మెంట్లలో ఇంకొకటి ఉంది. ప్లాను ఇచ్చేటప్పుడు కట్టుబడి విస్తీర్ణంలో కొంత భాగం నగరపాలక సంస్థ జీవీఎంసీ పేరిట తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకుంటే అది విడుదల అవుతుంది. బిల్డరు ఆ సర్టిఫికెట్ తీసుకోకుండా వెళ్లిపోతే, తనఖాలో ఉన్న ఆ ఒకటి రెండు ఫ్లాట్లు కొన్నవాళ్లకు సంగతి మళ్లీ అమ్మబోయేటప్పుడు, ఆస్తి మీదున్న తనఖాలు చూపించే ఈసీ తీసినప్పుడు తెలుస్తుంది.

ఇద్దరు కొనుగోలుదారుల మధ్య పడిన ఇల్లు

ఇప్పుడు కాగితాలన్నీ శుభ్రంగా ఉన్న ఒక ఇంటిని తీసుకుందాం. నగరాభివృద్ధి సంస్థ వుడా అభివృద్ధి చేసిన ఎంవీపీ కాలనీలో 1985 ప్రాంతంలో కట్టిన ఇండిపెండెంట్ ఇల్లు. 200 గజాలు. కింద వాటా, పై వాటా, వెనక బావి పూడ్చి వేసిన బోరు, గేటు పక్కన కొబ్బరి చెట్టు. ఇంత మంచి ఇల్లు ఎందుకు కదలదు?

ఎందుకంటే దీనికి సరిపోయే మనిషి లేడు. లెక్క సులువుగా ఉండటానికి గజం లక్ష అనుకుంటే స్థలమే రెండు కోట్లు. యజమాని దానిమీద ఇంటికి ఇంకో ముప్పై లక్షలు వేస్తాడు, ఎందుకంటే ఆ గుమ్మాలు టేకువి, ఆ గచ్చు స్వయంగా నిలబడి వేయించినది. రెండు కోట్ల ముప్పై లక్షలు పెట్టగలిగిన కుటుంబానికి లిఫ్టు, జనరేటరు, రెండు కార్ల పార్కింగు ఉన్న కొత్త ఫ్లాటు దొరుకుతుంది. ఆ కుటుంబం నలభై ఏళ్ల స్లాబు కిందికి రాదు. ఇక బిల్డరు. అతనికి ఇల్లు ఖరీదు సున్నా, పైగా పడగొట్టే ఖర్చు. 200 గజాల్లో సెట్‌బ్యాక్‌లు వదిలి, కింద పార్కింగు ఇచ్చి కడితే వచ్చే ఫ్లాట్లు ఎన్నో అతనికి నోటి లెక్క. అతను మొత్తం డబ్బు పెట్టి కొనడం కన్నా డెవలప్‌మెంట్‌కు ఇమ్మని, చెరి సగం అని అంటాడు. యజమానికి కావలసింది డబ్బు, ఫ్లాట్లు కాదు. పక్క స్థలం కూడా కలిస్తే బిల్డరు మనసు మారుతుంది, ఆ పక్కవాళ్లేమో అమ్మే ఆలోచనలోనే లేరు.

కొన్నిచోట్ల బిల్డరుకూ దారి మూసుకుంటుంది. నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా చుట్టుపక్కల భవనాల ఎత్తుకు అనుమతి కావాలి. సముద్రపు ఒడ్డున తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. ఎన్ని అంతస్తులు లేస్తాయో తెలియని స్థలానికి బిల్డరు గజం ధర చెప్పడు. పక్క కాలనీ గజం ధరతో ఇక్కడి ఇల్లు బేరం పెట్టడం అందుకే కుదరదు.

పాత ఫ్లాట్ల సమస్య దీనికి తిరగేసినది. ఇక్కడ యజమాని చదరపు అడుగుకు ఇంత అని అడుగుతాడు, కొనేవాడు స్థలం వాటా చూస్తాడు. 600 గజాల్లో ఇరవై ఫ్లాట్లుంటే ఒక్కోదానికి వచ్చేది 30 గజాలు. భవనం ముప్పై ఏళ్లది అయితే మిగిలిన ఆయుష్షును బట్టి బ్యాంకు లోన్ ఏళ్లు కుదిస్తుంది, ఏళ్లు తగ్గితే ఈఎంఐ పెరుగుతుంది. లిఫ్టు లేని మూడో అంతస్తుకు మోకాళ్ల నొప్పుల వయసువాళ్లు రారు, కారు పార్కింగు లేని ఫ్లాటుకు ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు రారు. మధ్యలో మిగిలింది అద్దెకు ఇచ్చుకోవడానికి కొనేవాళ్లు. వాళ్ల లెక్క ఇంకా కఠినం. 80 లక్షల ఫ్లాటుకు నెలకు 18,000 అద్దె వస్తే ఏడాదికి 2 లక్షల 16 వేలు, అంటే 2.7 శాతం. 64 లక్షల లోన్‌కు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో, ఇరవై ఏళ్లకు ఈఎంఐ సుమారు 55,500. అద్దె అందులో మూడో వంతుకు కూడా రాదు.

విశాఖలో భవనం వయసును ఉప్పుగాలి రెండింతలు చేసి చూపిస్తుంది. గాలిలోని లవణాలు కాంక్రీటులోంచి లోపలికి దిగి చువ్వలను తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పెచ్చులు ఊడి స్లాబు కింద చువ్వలు బయటపడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరాన్ని దాటిన రోజు కిటికీలు పగిలి, గోడలు నీళ్లు తాగిన ఇళ్లలో కొన్ని రంగులతోనే సరిపెట్టుకున్నాయి. అమ్మే ముందు కొత్త రంగు వేసి, సీలింగ్‌కు పీఓపీ కొట్టిస్తే ఇల్లు మెరుస్తుంది. అయితే ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడికి బీచ్‌కు దగ్గరగా ఉన్న పాత ఫ్లాటులో కొత్త సీలింగ్ కనిపిస్తే అనుమానమే వస్తుంది. పెచ్చులు కనబడేలా వదిలేసిన ఇంటికే బేరం తొందరగా కుదరవచ్చు, ఎంత ఖర్చవుతుందో కనీసం లెక్క వేసుకోవచ్చు కదా.

సముద్రం తూర్పున లేదు

వాస్తు మాట తోసిపుచ్చడం సులువు. నమ్మనివాడు కూడా మళ్లీ అమ్ముకోవలసి వస్తుందన్న భయంతో చూసుకుంటాడు, కాబట్టి మార్కెట్టులో అది నిజమే. విశాఖలో దీనికి భూగోళం కూడా తోడైంది. అందరూ సముద్రం తూర్పున ఉందంటారు. ఇక్కడి తీరం మాత్రం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రాన్ని చూస్తే ముఖం దాదాపు ఆగ్నేయం వైపు ఉంటుంది. తీరానికి సమాంతరంగా రోడ్లు వేసిన లేఅవుట్లలో స్థలాలూ అలాగే తిరిగి ఉంటాయి. తూర్పు గుమ్మం అని బోర్డు మీద రాసిన ఇంట్లోకి సిద్ధాంతి దిక్సూచి తీసుకుని వస్తే అది దిక్కులకు మూలగా తిరిగిన విదిక్కు స్థలమని తేలుతుంది. సముద్రం కనిపించే బాల్కనీకి యజమాని అడిగే అదనపు ధరలో కొంత ఇక్కడే పోతుంది.

ఈశాన్యంలో కొండ ఉన్న స్థలాలూ, వీధిపోటు ఉన్నవీ, వెనక కన్నా ముందు వెడల్పుగా ఉన్న సింహముఖం స్థలాలూ కొండల మధ్య ఇరుక్కుని పెరిగిన ఊళ్లో తప్పవు. వీటిలో ఇంటికి పనికిరానిదని పక్కన పెట్టినది దుకాణానికో, క్లినిక్‌కో పనికొస్తుంది. సింహముఖం వ్యాపారానికి మంచిదనే నమ్మకం కూడా ఆ శాస్త్రంలోనే ఉంది. అయినా యజమానులు దాన్ని 'ప్రశాంతమైన నివాసం' అనే ప్రకటనతోనే పెడుతుంటారు.

ఇళ్లకు గిరాకీ పనిచేసే చోటును కూడా అంటిపెట్టుకుని ఉంటుంది. గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి ఇళ్లకు స్టీల్ ప్లాంట్ జీతమే ఆధారం. 2021 జనవరిలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్న తర్వాత, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చేదాకా, ఇరవై ఏళ్ల లోన్ తీసుకోవలసిన ఉద్యోగి ఎంత ధైర్యంగా ఉండగలడో ఊహించడం కష్టం కాదు. అలాంటి చోట ఇంట్లో ఏ లోపమూ లేకపోయినా వచ్చి చూసేవాళ్లే తగ్గుతారు. మధురవాడ, పీఎం పాలెం వైపు సమస్య వేరు. అక్కడ పాత ఫ్లాటుకు పోటీ పక్క వీధిలో లేచే కొత్త ఫ్లాటే.

ఆగిన కొద్దీ

బోర్డు పెట్టిన మొదటి నెలా నెలన్నరలో వచ్చేవాళ్లు అప్పటికే ఆ ప్రాంతంలో వెతుకుతున్నవాళ్లు. వాళ్లే అసలైన గిరాకీ. ఆ సమయంలో పెద్ద ధర చెబితే ఆ గుంపు చూసి, వినేసి వెళ్లిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి మనిషీ అడిగే మొదటి ప్రశ్న 'ఎన్నాళ్లుగా ఉంది?' అనే. ఎనిమిది నెలలు అన్న జవాబు విన్నాక ఇంట్లో ఏముందో చూడటం మానేసి ఏం లోపముందో వెతకడం మొదలుపెడతాడు.

బ్రోకర్లు దీన్ని ఇంకా పెంచుతారు, కావాలని కాకపోయినా. ఒక్కరికి అప్పగించే అలవాటు ఇక్కడ తక్కువ. ఆరుగురికి చెబుతారు. ఆ ఆరుగురూ ఆరు వాట్సాప్ గ్రూపుల్లో ఆరు ధరలతో, కమీషన్ కలిపి ఒకరు, కలపకుండా ఒకరు పెడతారు. ఒకే ఇంటి ఫొటో 78 లక్షలకూ 85 లక్షలకూ కనిపించాక చూసేవాడికి రెండు ధరల మీదా నమ్మకం పోతుంది. దీని మీద ఆషాఢం, మూఢం, పితృపక్షాలు, పుష్యమాసం వస్తాయి. రిజిస్ట్రేషన్లు సన్నగిల్లే ఈ రోజులన్నీ కలిపితే ఏడాదిలో చాలా వారాలు పోతాయి. కార్తీకంలో ఊపు వస్తుందనుకుని ఆగినవాడికి ముందు చేయాల్సిన కాగితాల పని గుర్తుండదు.

ఆగడానికీ ఖరీదు ఉంటుంది, కాకపోతే ఎవరూ రసీదు ఇవ్వరు. 80 లక్షలు అడుగుతున్న ఖాళీ ఫ్లాటుకు 72 లక్షల బేరం వచ్చి, కాదన్నారనుకుందాం. ఆ 72 లక్షలు ఏడు శాతం వడ్డీకి డిపాజిట్‌లో ఉంటే ఏడాదికి 5 లక్షల 4 వేలు. మూడేళ్లకు వడ్డీ మీద వడ్డీ కలపకుండానే 15 లక్షలు దాటుతుంది. మెయింటెనెన్స్ నెలకు 2,500 చొప్పున మూడేళ్లకు 90,000. ఇంటి పన్ను అదనం. మూడేళ్ల తర్వాత సరిగ్గా 80 లక్షలకే అమ్ముడుపోయినా, ఆ అదనపు ఎనిమిది లక్షల కోసం పోగొట్టుకున్నది పదహారు లక్షలు. ఊళ్లో ధరలు పెరిగిన మాట నిజమే కావచ్చు, పెరిగింది స్థలం. ముప్పై గజాల వాటా ఉన్న ఫ్లాటులో ఆ మూడేళ్లలో స్లాబు కూడా మూడేళ్లు ముసలిదైంది.

ఇలా ఏళ్ల తరబడి ఆగినవి చివరికి కదిలేటప్పుడు చాలా తొందరగా కదులుతాయి. మనవరాలి పెళ్లి, ఆసుపత్రి ఖర్చు, అమెరికా నుంచి 'ఇక మీరు ఇక్కడికి వచ్చేయండి' అనే ఫోను, ఏదో ఒకటి వస్తుంది. నాలుగు వారాల్లో పని పూర్తవుతుంది, తరచుగా రెండేళ్ల కింద కాదన్న ధరకే. కొనేది కూడా చాలాసార్లు బోర్డు చూసి వచ్చినవాడు కాదు. పై వాటాలో పదేళ్లుగా అద్దెకు ఉన్న మనిషో, కామన్ గోడ పంచుకున్న పక్కింటాయనో అయి ఉంటాడు. వానాకాలంలో ఏ గది కారుతుందో, ఏ అక్క సంతకం బాకీ ఉందో, ఈశాన్యంలో ఏముందో అతనికి ముందే తెలుసు. వెబ్‌సైట్‌లో పెట్టిన ప్రకటన తీసెయ్యడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆర్నెల్ల తర్వాత కూడా ఎవరో ఫోన్ చేసి, 85 లక్షల ఇల్లు ఇంకా ఉందా, ఏమైనా తగ్గుతుందా అని అడుగుతారు.